సమాధానం: ఒకే మాట ఒకచోట నౌన్, ఇంకోచోట వెర్బ్ ఎలా అవుతుంది?
అక్కా, గుంటూరులో ఏడో తరగతి చదివే మీ బాబుకి 8 పార్ట్స్ ఆఫ్ స్పీచ్ (భాషాభాగాలు) నిర్వచనాలు కంఠతా వచ్చినా, వాక్యంలో గుర్తుపట్టమంటే తప్పులు చేస్తున్నాడన్నారు కదా. ముందు మాటల జాబితాలు బట్టీ పట్టించడం ఆపండి. ఇంగ్లీషులో ఒక మాట ఏ కోవలోకి వస్తుందో అది వాక్యంలో చేసే పనిని బట్టే తేలుతుంది.

'ఐ డ్రింక్ వాటర్'లో వాటర్ నౌన్, అంటే పేరు చెప్పే మాట. 'ఐ వాటర్ ద ప్లాంట్స్'లో అదే వెర్బ్, అంటే పని చెప్పే మాట. రెండు వాక్యాలనూ నిన్న జరిగినట్టు మార్చమనండి. మొదటిదాంట్లో 'డ్రింక్' మారి 'డ్రాంక్' అవుతుంది, రెండోదాంట్లో 'వాటర్' మారి 'వాటర్డ్' అవుతుంది. మారిందే వెర్బ్. అది దొరికాక ఎవరు, దేన్ని అని అడిగితే నౌన్లు, ప్రొనౌన్లు (పేరుకు బదులు వాడే ఐ, హి లాంటి మాటలు) వాటంతటవే బయటపడతాయి.

పిల్లలు ఎక్కువ తికమకపడేది అడ్జెక్టివ్, అడ్వెర్బ్ దగ్గర. చివర ఎల్‌వై ఉంటే అడ్వెర్బ్ అని మాత్రం నేర్పకండి, 'ఫ్రెండ్లీ' అడ్జెక్టివే. 'ఎ ఫాస్ట్ బస్'లో ఫాస్ట్ బస్సు గురించి చెబుతోంది కాబట్టి అడ్జెక్టివ్, 'ద బస్ వెంట్ ఫాస్ట్'లో వెళ్లిన తీరు గురించి చెబుతోంది కాబట్టి అడ్వెర్బ్.

ప్రిపొజిషన్ అంటే, మనం 'విజయవాడలో' అని వెనక చేర్చేదాన్ని వాళ్లు 'ఇన్ విజయవాడ' అని ముందు పెడతారు. కంజంక్షన్ (అండ్, బట్ లాంటి కలిపే మాట), ఇంటర్‌జెక్షన్ల (వావ్ లాంటి మాటల) గురించి టెన్షన్ అక్కర్లేదు, అవి తేలికే. రోజూ బాబు పాఠంలోంచే నాలుగు వాక్యాలు తీసి ఇలా చేయించండి.