గేముల్లో చేయి తిరిగితే నిజం మంచు మీద స్లెడ్ నడపగలమా?

డిసెంబరులో అమెరికాలోని మినియాపొలిస్ వెళ్తున్నామని, మీ పదేళ్ల అబ్బాయి స్లెడ్ (చక్రాలు లేకుండా మంచు మీద జారే బండి) గేములు బాగా ఆడతాడని, ఆ అలవాటు నిజం మంచు మీద పనికొస్తుందా, ఏ స్లెడ్ కొనాలి అని అడిగారు. ఆ ఊళ్లో పదకొండు చలికాలాలు గడిపాను కాబట్టి చెబుతున్నాను. సగం పనికొస్తుంది. వాలు చూసి ఎక్కడ వేగం పెరుగుతుందో అంచనా వేయడం గేములో వస్తుంది. ఆగడం మాత్రం రాదు.

ఇంజినీరింగ్‌లో మా లైనక్స్ ల్యాబ్‌లో టక్స్ రేసర్ అనే గేము ఉండేది. పెంగ్విన్ పొట్ట మీద జారుకుంటూ, దారిలో చేపలు ఏరుకుంటూ కిందికి పోవాలి. మెత్తటి మంచు మీద తిప్పితే తిరుగుతుంది, గట్టి ఐసు మీదికి వెళ్తే మాట వినదు. అది అచ్చంగా నిజం. తర్వాత 2006లో లైన్ రైడర్ వచ్చింది. స్లొవేనియాలో బొష్ట్యాన్ చదెజ్ అనే విద్యార్థి చేసిన గేము. మనం గీత గీస్తే దాని మీద ఒక చిన్న మనిషి స్లెడ్ వేసుకుని జారతాడు. వాలు నేలను కలిసే చోట గీత నున్నగా వంపు తిరగకుండా మడత పడితే మనిషి ఎగిరి పడతాడు. ఇప్పటికీ ఏ గుట్ట ఎక్కినా నా కళ్లు ముందు ఆ మడత కోసమే వెతుకుతాయి.

ఇంత తెలిసీ మొదటి చలికాలంలోనే దెబ్బ తిన్నాను. చవకగా ఉందని గుండ్రటి పళ్లెం లాంటి ప్లాస్టిక్ స్లెడ్ కొన్నాను. అది సగం దూరంలో గిర్రున తిరిగి నా వీపును ముందుకు తెచ్చింది. ఎటు పోతున్నానో కనిపించలేదు. గేములో ముగింపు గీత దాటగానే ఆట అయిపోతుంది. ఇక్కడ గుట్ట అయిపోయింది గానీ స్లెడ్ ఆగలేదు. కంచెకు గుద్దుకుని ఎడమ మణికట్టు బెణికింది, మూడు వారాలు కట్టుతో తిరిగాను. చిన్నప్పుడు తాటిమట్ట మీద కూర్చోబెట్టి లాగేవాళ్లు కదా, అక్కడ లాగేవాడు ఆగితే మనమూ ఆగేవాళ్లం. ఇక్కడ ఆపేవాళ్లు ఎవరూ లేరు.

అందుకే పిల్లాడికి ఆ పళ్లెం వద్దు. అడుగున నిలువు గాడులు ఉండే పొడవాటి ప్లాస్టిక్ స్లెడ్ కొనండి, అది కొంత తిన్నగా పోతుంది. కూర్చుని, కాళ్లు ముందుకు పెట్టి జారాలి. తల ముందుకు పెట్టి బోర్లా పడుకోవడం గేములో చూసి చేయాలనిపిస్తుంది, చేయనివ్వకండి. హెల్మెట్ తప్పనిసరి. గుట్ట కింద చెట్లు, రోడ్డు, చెరువు లేకుండా చదునైన నేల చాలా దూరం ఉండాలి.

అప్పటిదాకా అక్కడే ఉంటే, జనవరి చివర్లో జరిగే జాన్ బేర్‌గ్రీస్ కుక్కల స్లెడ్ పందెం చూపించండి. 1980లో మొదలైంది. లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సు ఉత్తర తీరం వెంట దాదాపు 300 మైళ్లు. 19వ శతాబ్దం చివర్లో టూ హార్బర్స్, గ్రాండ్ మరే ఊళ్ల మధ్య కుక్కల బండి మీద టపా మోసిన ఒజిబ్వే అనే అక్కడి ఆదివాసీ తెగ మనిషి పేరే దానికి పెట్టారు. నేను చూసిన ఏడాది ఆ తీరంలోని డులూత్ ఊరి దగ్గర మొదలైంది. బయల్దేరే ముందు కుక్కల అరుపులతో పక్కవాడి మాట వినపడదు. ఎగిరెగిరి తాళ్లు లాగుతుంటే మనుషులు పట్టుకుని నిలబెట్టారు. వదిలిన మరుక్షణం అన్నీ నోరు మూసుకుని పరుగు అందుకున్నాయి. ఆ నిశ్శబ్దానికి నా ఒళ్లు జలదరించింది. ఎడ్లబండికి పగ్గాలుంటాయి, వీటికి లేవు. 'జీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకి. అంతా గొంతుతోనే. తోలేవాడి కాలి దగ్గర మాత్రం మంచులో దిగే ఇనుప కొక్కేల బ్రేకు ఉంటుంది, నిలిపాక నాటడానికి లంగరు లాంటి కొక్కెం వేరే. వాళ్ల తయారీలో సగం ఆపడం కోసమే అనిపించింది.

ఒలింపిక్స్‌లో ల్యూజ్ (ఐసు ట్రాక్ మీద వెల్లకిలా పడుకుని జారే పోటీ) స్లెడ్‌కైతే బ్రేకే ఉండదు. పిక్కలతో, భుజాలతో నొక్కి తిప్పుతారు, చివర్లో లేచి కూర్చుని పాదాలు ఆనించి ఆపుతారు. 1998 నుంచి 2018 దాకా వరుసగా ఆరు శీతాకాల ఒలింపిక్స్‌లో పోటీపడిన మన దేశపు శివ కేశవన్, సరైన ట్రాక్ లేక స్లెడ్‌కు చక్రాలు బిగించి హిమాలయాల రోడ్ల మీద సాధన చేశాడు. మీవాడికి ఆయన వీడియోలు చూపించండి, తప్పకుండా నచ్చుతాయి.

మొదటి రోజు గుట్ట పైదాకా ఎక్కించకండి. కింది నుంచి పదడుగుల ఎత్తులో కూర్చోబెట్టి, మడమలు మంచులో దించి ఆపడం, కుదరకపోతే పక్కకు దొర్లి స్లెడ్ వదిలేయడం నాలుగైదుసార్లు చేయించండి. ఎక్కేటప్పుడు జారేవాళ్ల దారిలో కాకుండా అంచు వెంట నడవమనండి. చేతి తొడుగులు రెండు జతలు పెట్టుకోండి, మొదటి జత అరగంటలో తడిసిపోతుంది.