రెప్పల మీద పొట్టు, కళ్ళ చుట్టూ మంట: మీ ప్రశ్నలకి డాక్టర్ జవాబులు

చలి మొదలవగానే ఏటా ఇవే ఉత్తరాలు. కళ్ళ చుట్టూ పొడిబారింది, పొట్టు లేస్తోంది, ఏ క్రీమ్ రాయమంటారు అని. ఏం రాయాలో తర్వాత చెప్తాను గానీ ముందు ఇప్పుడు ఏమేం రాస్తున్నారో చెప్పండి అంటే చాలామంది ఒక్క పేరుతో ఆపేస్తారు, మిగతావి గుర్తుకే రావు వాళ్ళకి. ఈసారి వచ్చినవాటిలో పదిమందికీ పనికొచ్చేవి తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, నాకు 29 ఏళ్ళు, కరీంనగర్‌లో బ్యాంకులో చేస్తాను. పై రెప్పలు రెండూ ఎర్రగా అయిపోయి పొట్టు లేస్తున్నాయి, పొద్దున లేచేసరికి కొంచెం ఉబ్బి కూడా ఉంటున్నాయి. కాటుక మానేశా, ఐలైనర్ మానేశా, ఫేస్‌వాష్ మార్చా. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. ముఖం మీద ఇంకెక్కడా ఏమీ లేదు. కళ్ళకి ఏమీ పెట్టకపోయినా ఎందుకొస్తోంది?

జవాబు: మీరు కళ్ళకి పెట్టేవన్నీ మానేశారు, బానే ఉంది, మరి గోళ్ళకి? ఆ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నెయిల్ పాలిష్ పడకపోతే అది గోరు దగ్గర కనపడకపోవచ్చమ్మా, రెప్పల మీద కనపడుతుంది. ఎందుకంటే ఒంటి మొత్తంలో అన్నిటికంటే పల్చటి చర్మం రెప్పలదే, సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది, నూనె గ్రంథులు కూడా అక్కడ తక్కువ. అరచేతికి, గోటి చుట్టూ చర్మానికి ఏమీ చెయ్యలేని పదార్థం రెప్ప మీదకి వచ్చేసరికి లోపలికి దిగిపోతుంది. మనం రోజుకి ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకుంటామో, రుద్దుకుంటామో మనకే తెలీదు కదా. మామూలు నెయిల్ పాలిష్‌లో టోసిలమైడ్ ఫార్మాల్డిహైడ్ రెసిన్ అనేది చాలాకాలంగా పేరుమోసిన దొంగ, ఇప్పుడు జెల్ పాలిష్‌లు, అతికించే గోళ్ళు వచ్చాక వాటిలో ఉండే అక్రిలేట్లు అనే రసాయనాల అలర్జీ కూడా దానికి తోడైంది.

గోళ్ళ తర్వాత జుట్టు. హెయిర్ డై, హెయిర్ సీరమ్, షాంపూ, మెడ దగ్గర కొట్టుకునే పెర్ఫ్యూమ్, ఇవన్నీ కారో ఎగిరో దిండుకి అంటుకునో కళ్ళ దాకా వస్తాయి. తల మీద చర్మం మందం కాబట్టి అక్కడ ఏమీ అనిపించకపోవచ్చు, దెబ్బ మాత్రం రెప్పలకి తగులుతుంది. నల్ల డైలో ఉండే పీపీడీ అనే రసాయనానికి అలర్జీ ఉన్నవాళ్ళకైతే తెల్లారేసరికి కళ్ళు తెరవలేనంత వాపు రావొచ్చు. హెర్బల్ అనీ నల్ల మెహందీ అనీ అమ్మే పొడి ప్యాకెట్లలో కూడా ఈ పీపీడీ ఉండొచ్చు, వెనక అట్ట మీద చిన్నక్షరాలు చదవండి. రెప్పల వెంట్రుకలు వంచే కర్లర్‌లో నికెల్ ఉండొచ్చు, దిద్దులు పెట్టుకుంటే చెవులు చీము పట్టినట్టయ్యే అలవాటు మీకుంటే దాన్ని కూడా అనుమానించండి.

ఇప్పుడు చెయ్యాల్సింది ఏంటంటే, మూడు నాలుగు వారాలు గోళ్ళు ఖాళీగా వదిలెయ్యండి, సెంటు వద్దు, సీరమ్ వద్దు, మేకప్ వద్దు, కళ్ళ దగ్గర ఉత్త గోరువెచ్చని నీళ్ళే. పూర్తిగా తగ్గాక ఒక్కోటి మళ్ళీ మొదలుపెట్టండి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వారం పైనే ఉండాలి, అన్నీ ఒక్కసారి మొదలుపెడితే ఏది చేసిందో మళ్ళీ తెలీదు. క్రీములైతే ముఖానికి పెట్టేముందు మోచేతి మడత లోపల రూపాయి బిళ్ళంత చోట రోజుకి రెండుసార్లు చొప్పున వారం రాయండి, అక్కడ దురద మొదలైతే అది మీకు పనికిరాదు. షాంపూ, ఫేస్‌వాష్ లాంటి కడిగేసేవాటికి మాత్రం ఇలా రాసి వదిలెయ్యకండి, ఎవరికైనా మండుతుంది. ఇలా కూడా దొరక్కపోతే చర్మం డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్ట్ ఉంటుంది. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి రెండు రోజులు ఉంచుతారు, తీశాక ఒకసారి, ఇంకో రెండు రోజులు ఆగి మళ్ళీ ఒకసారి చూస్తారు. రక్తపరీక్షలో ఐజీఈ (ఇంకో రకం అలర్జీల్లో పెరిగే ప్రొటీన్) ఎక్కువుందని వచ్చే రిపోర్టు వేరు, అది చూసి ఏ పాలిష్ పడదో చెప్పలేం. దానికి డబ్బు తగలేసుకుని నా దగ్గరికొచ్చేవాళ్ళు చాలామందే.

ప్రశ్న: నమస్తే మేడమ్, మాది గుంటూరు, వయసు 41. కళ్ళ కింద దురద, మంట ఉంటే మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చారు. రాసిన రెండు రోజులకే మాయమైపోతుంది, మానేస్తే మళ్ళీ ఇంకా ఎక్కువ వస్తుంది. అలా రాస్తూ మానేస్తూ 8 నెలలు అయింది. ఇప్పుడు అక్కడ చర్మం పల్చబడి ఎర్ర నరాలు కనపడుతున్నాయి. ట్యూబ్ ఫోటో పంపాను.

జవాబు: ఫోటో చూశానమ్మా. అందులో మూడు మందులు కలిసున్నాయి, ఫంగస్‌కి ఒకటి, బ్యాక్టీరియాకి నియోమైసిన్, ఇంకోటి క్లోబెటసాల్. ఈ మూడోది స్టెరాయిడ్లలోకెల్లా బాగా గట్టిది, చేతుల మీదా కాళ్ళ మీదా మందంగా పేరుకున్న మచ్చలకి, అది కూడా కొన్నాళ్ళకే ఇస్తాం మేము. రెండు రోజుల్లో మాయమయ్యేది దానివల్లే. రోగం పోయి కాదు, దాన్ని అణిచిపెట్టి. మానేయగానే రెట్టింపు మంటతో తిరిగొస్తుంది, మీరు మళ్ళీ ట్యూబ్ తీస్తారు, ఇక చక్రం తిరుగుతూనే ఉంటుంది. పైగా నియోమైసిన్ అనేదే రెప్పల అలర్జీ తెచ్చే మందుల్లో ఒకటి, అంటే మందే రోగం పెంచుతూ ఉండొచ్చు. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా కౌంటర్ మీద చాక్లెట్లు ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చేస్తున్నారు.

చర్మం పల్చబడటం కంటే నాకు భయం మీ కన్ను గురించి. కళ్ళ దగ్గర నెలల తరబడి స్టెరాయిడ్ రాస్తే కంటి లోపల ఒత్తిడి పెరగొచ్చు, అది కంటి నరాన్ని దెబ్బతీస్తే గ్లకోమా అంటారు, నొప్పి ఉండదు, చూపు పక్కల నుంచి తగ్గుతూ వచ్చేదాకా తెలీదు. శుక్లం కూడా త్వరగా రావొచ్చు. అందుకని ఈ వారంలోనే కంటి డాక్టర్ దగ్గరికెళ్ళి, 8 నెలలు ఈ ట్యూబ్ రాశానని చెప్పి, కంటి ప్రెషర్ చూపించుకోండి. ట్యూబ్ వెంట తీసుకెళ్ళండి. చర్మం డాక్టర్‌ని కూడా కలవాలి, మానేశాక కొన్ని వారాలు బాగా ఎర్రబడి మండుతుంది, ఆ టైమ్‌లో ఎవరో ఒకరు పక్కన ఉండి నడిపించకపోతే మళ్ళీ అదే ట్యూబ్ దగ్గరికి పోతారు. టాక్రోలిమస్ 0.03 శాతం ఆయింట్‌మెంట్ లాంటివి ఉన్నాయి, స్టెరాయిడ్ కాదు, చర్మాన్ని పల్చబరచదు, మొదటి నాలుగైదు రోజులు చురచురలాడుతుంది అంతే. కానీ అది కూడా చూసి రాసిచ్చేది, ఇక్కడ చదివి కొనుక్కునేది కాదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా నాన్న మహబూబ్‌నగర్ దగ్గర వ్యవసాయం చేస్తారు, 58 ఏళ్ళు. మూడేళ్ళుగా కంటి రెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లబడి మందంగా అయ్యాయి, గోకి గోకి నిద్ర కూడా ఉండట్లేదు. ఎండ పడట్లేదని ఒక డాక్టర్ గారు అన్నారు. హైదరాబాద్‌లో నా దగ్గర నెల ఉంటే సగం తగ్గింది, ఊరికెళ్ళగానే మళ్ళీ మొదలు.

జవాబు: మీ ఆఖరి వాక్యంలోనే జవాబు సగం ఉంది బాబూ. పొలం గట్ల మీద, రోడ్డు పక్కన తెల్ల పూలతో గుబురుగా పెరిగే వయ్యారిభామ, కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు, దాన్ని అనుమానించండి. ఇది మన మొక్క కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది, 1950ల మధ్యలో పుణె దగ్గర కనిపించి అక్కడి నుంచి దేశమంతా పాకింది. దాన్ని తినే పెంకు పురుగుని 1980లలో మెక్సికో నుంచి తెప్పించి వదిలారు కూడా, అయినా గడ్డి ఎక్కడికీ పోలేదు. దీన్ని ముట్టుకోనే అక్కర్లేదు, ఎండి పొడైన ఆకులు, కాడల మీది నూగు గాల్లో ఎగిరొచ్చి రెప్పల మీద, మెడ మడతల్లో, మోచేతి మడతల్లో కూర్చుంటాయి.

ఎండ వల్లా దీనివల్లా అన్నది ఇంట్లోనే కొంత పట్టుకోవచ్చు. ఎండ పడకపోతే ఎండ తగిలే చోటే వస్తుంది, గడ్డం కింద, చెవుల వెనక, పై రెప్ప మడత లోపల బాగానే ఉంటాయి. గాలిలో వచ్చేదైతే ఈ నీడ చోట్లని కూడా వదలదు. నాన్నగారి చెవుల వెనక ఒకసారి చూడండి. ఏళ్ళు గడిచేకొద్దీ రెండూ కలిసిపోతాయి, వయ్యారిభామతో మొదలైనవాళ్ళకి తర్వాత ఎండ కూడా పడకుండా పోవడం ఉంటుంది, కాబట్టి ఆ డాక్టర్ గారు చెప్పింది తప్పని కూడా అనలేను. ప్యాచ్ టెస్ట్‌తో ఖాయం చేసుకోండి.

పొలం మానెయ్యమని నేను చెప్పను, చెప్పినా వినరు. గడ్డి పూత రాకముందే వేరుతో పీకించండి, ఆ పని మాత్రం నాన్నగారు చెయ్యకూడదు, ఎండినదాన్ని తగలబెట్టే దగ్గర నిలబడకూడదు. పొలానికి నిండు చేతుల చొక్కా, ముఖానికి కండువా, ఇంటికి రాగానే స్నానం, ఆ బట్టలు ఇంట్లో ఆరేసుకునే బట్టల్లో కలపొద్దు. ఇంకోటి, చామంతి, బంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఈ గడ్డి కుటుంబమే, కొందరికి ఇవి కూడా పడవు. ఇంట్లో బతుకమ్మ పేర్చేప్పుడు పూల బుట్ట దగ్గర ఆయన్ని కూర్చోబెట్టకండి. మూడేళ్ళ నాటిది కాబట్టి పైపూతలతో లొంగకపోవచ్చు, లోపలికి మందులు వాడాల్సి రావొచ్చు, వాటికి రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి, ఒకే డాక్టర్ దగ్గర నిలకడగా చూపించండి.

ప్రశ్న: హాయ్ డాక్టర్, న్యూజెర్సీ నుంచి రాస్తున్నా. వింటర్ వచ్చిందంటే కళ్ళ కింద కాగితంలా అయిపోతుంది, నవ్వితే గీతలు పడి మంట. రాత్రిళ్ళు రెటినాల్, పొద్దున విటమిన్ సి సీరమ్, దాని మీద ఐ క్రీమ్ రాస్తున్నా, మేకప్ తియ్యడానికి మైసెల్లార్ వాటర్. ఐ క్రీమ్ మార్చాలా?

జవాబు: మార్చొద్దు, తగ్గించండి. రెటినాల్ అంటే విటమిన్ ఏ రకం, చర్మాన్ని పొడిబారుస్తుంది, కంటి కింద రాయకపోయినా బుగ్గ మీద రాసింది నిద్రలో పైకి పాకుతుంది, ఆ విటమిన్ సి సీరమేమో ఆసిడ్. బయట చలి, లోపల రోజంతా హీటర్, గాల్లో తేమ ఉండదు, ఈ మూడూ కలిస్తే అంత పల్చటి చర్మం ఏం తట్టుకుంటుంది? రెండూ ఆపెయ్యండి, బాగయ్యాక రెటినాల్ కావాలంటే కంటి గుంత ఎముక దాటి కింద, వారానికి రెండుసార్లు. మైసెల్లార్ వాటర్‌లో ఉండేది కూడా ఒక రకం సబ్బే, కడగక్కర్లేదని రాసున్నా కడిగెయ్యండి. వేడి వేడి షవర్ ముఖం మీద పడనివ్వొద్దు. తుడుచుకుని చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు) ఉన్న, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్, రాత్రి దాని మీద బియ్యపు గింజంత పెట్రోలియం జెల్లీ ఉంగరం వేలితో అద్దండి, రుద్దొద్దు. రెప్ప వెంట్రుకల దాకా పోతే చూపు మసకగా ఉంటుంది, కొంచెం కిందే ఆపండి. పడగ్గదిలో హ్యుమిడిఫైయర్ పెట్టుకోండి. సీసా మీద అన్‌సెంటెడ్ అని ఉంటే నమ్మకండి, వాసన తెలీకుండా చెయ్యడానికి ఇంకో సెంటు కలిపి ఉండొచ్చు, ఫ్రేగ్రెన్స్ ఫ్రీ అని ఉన్నది తీసుకోండి.

ప్రశ్న: పాపకి 5 నెలలు. కళ్ళ చుట్టూ పొడిగా, ఎర్రగా ఉంది. అత్తయ్య ఇంట్లో ఆముదం దీపంతో చేసిన కాటుక పెడితే చలవ అంటున్నారు.

జవాబు: వద్దమ్మా. కొనేవాటిలో, సుర్మాలో సీసం ఉండే అవకాశం ఉంది, ఇంట్లో చేసినదైనా మసి మసే, వేలితో పెట్టేప్పుడు క్రిములు కూడా కంట్లోకి వెళ్తాయి. దిష్టి చుక్క అరికాల్లో పెట్టమనండి, అత్తయ్యగారి మాటా నిలబడుతుంది. బుగ్గలు, మోచేతులు కూడా గరుకుగా ఉంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి, ఎగ్జిమా కావొచ్చు. బేబీ అని రాసున్న జెల్లీల్లో చాలావాటికి సెంటు ఉంటుంది, సెంటు లేనిది చూసి కొనండి.

ప్రశ్న: రెప్ప వెంట్రుకల మొదట్లో చుండ్రులా తెల్ల పొట్టు, పొద్దున కళ్ళు అతుక్కుపోతున్నాయి. విటమిన్ ఈ క్యాప్సూల్ కోసి రాయొచ్చా?

జవాబు: విటమిన్ ఈ నూనెకే కొందరికి అలర్జీ వస్తుంది, వద్దు. మీది బ్లెఫరైటిస్, అంటే రెప్ప అంచుల వాపు లాగా ఉంది, తలలో చుండ్రు ఉన్నవాళ్ళకి ఎక్కువ. గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ మూసిన కళ్ళ మీద 5 నుంచి 10 నిమిషాలు పెట్టి, తర్వాత రెప్ప అంచుల్ని మెల్లగా తుడవండి, రోజుకి రెండుసార్లు. తలకి చుండ్రు మందు కూడా వాడాలి. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, చూపు తేడా వచ్చినా, లేక ఒకవైపు నుదుటి మీద నీటి పొక్కులు లేచినా అన్నాళ్ళు ఆగొద్దు, అదే రోజు వెళ్ళండి.