అమెరికా సంతకానికి విలువ ఎంత? సెనేట్ ఓట్ల పట్టికలో దొరికే జవాబు

ప్రశ్న ఇది: "నానాజాతి సమితిలో చేరలేదు, క్యోటో వాతావరణ ఒప్పందాన్ని వదిలేసింది, ప్యారిస్ ఒప్పందంలోకి వస్తూ పోతూ ఉంది. అమెరికా మాట నమ్మి మిగతా దేశాలు ఒప్పందాలు ఎలా చేసుకోవాలి? వాళ్ల చరిత్రలో దీనికి పాఠం ఏమైనా ఉందా?"

ఉంది, కాకపోతే బడి పుస్తకాల్లో ఉండేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నానాజాతి సమితి కోసం పట్టుబట్టిన అధ్యక్షుడు విల్సన్ ఆదర్శవాది, అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ఎగువ సభ సెనేట్‌ది ఇరుకు మనసు, అందుకే అమెరికా సమితికి దూరమైంది అని చదువుకున్నాం. ఓట్ల పట్టిక ముందు పెట్టుకుంటే కథ వేరుగా కనిపిస్తుంది.

రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడు కుదుర్చుకున్న ఒప్పందానికి సెనేట్‌లో హాజరైనవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. 1919లో సెనేటర్లు 96 మంది. అందరూ హాజరైతే ఏ 33 మంది అడ్డం తిరిగినా పని ఆగిపోతుంది. అంతకుముందు ఏడాది నవంబరు ఎన్నికల్లో డెమోక్రాట్లనే గెలిపించమని విల్సన్ ఓటర్లను బహిరంగంగా అడిగాడు. రెండు సభలూ రిపబ్లికన్లకే దక్కాయి. డిసెంబరు 4న శాంతి చర్చల కోసం ప్యారిస్‌కు ఓడెక్కినప్పుడు ఆయన ఐదుగురి బృందంలో ఒక్క సెనేటర్ కూడా లేడు. రిపబ్లికన్ అని చెప్పుకోవడానికి ఉన్నది హెన్రీ వైట్ అనే విశ్రాంత దౌత్యవేత్త ఒక్కడే, ఆయనకు పార్టీలో పట్టు లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు కదా, విల్సన్ వరస తిప్పేశాడు.

సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ అధ్యక్షుడు హెన్రీ క్యాబట్ లాడ్జ్, విల్సన్ తెచ్చిన శాంతి ఒప్పందానికి 14 షరతులు పెట్టాడు. గొడవంతా అందులో సమితి నిబంధనల్లోని 10వ అధికరణం మీదే. సభ్యదేశం మీద దాడి జరిగితే దాని భూభాగాన్ని మిగతావాళ్లు కాపాడాలని ఆ అధికరణం. కాంగ్రెస్ ఒప్పుకోనిదే మా సైన్యం కదలదు అని లాడ్జ్ షరతు. యుద్ధం ప్రకటించే అధికారం ఎలాగూ కాంగ్రెస్‌దే కాబట్టి, నా లెక్కలో ఆ షరతు ఒప్పుకుంటే విల్సన్‌కు పోయేది చాలా తక్కువ. షరతులతోనైనా అమెరికా వస్తే మంచిదని బ్రిటన్ మాజీ విదేశాంగ మంత్రి గ్రే పత్రికకు లేఖ కూడా రాశాడు. విల్సన్ మాత్రం పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నాడు. 1919 నవంబరు 19న ఒప్పందాన్ని షరతులతో ఓటుకు పెడితే అనుకూలం 39, వ్యతిరేకం 55 (39–55), షరతుల్లేకుండా పెడితే 38–53. 1920 మార్చి 19న మళ్లీ షరతులతో 49–35, అంటే ఏడు ఓట్లు తక్కువ. వ్యతిరేకంగా వేసిన ఆ 35 మందిలో ఎక్కువమంది విల్సన్ సొంత పార్టీవాళ్లు, ఆయన మాట మీదే అలా వేశారు.

విల్సన్ ప్రభుత్వంలో నౌకాదళ సహాయ కార్యదర్శిగా పనిచేసి, తర్వాత అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఇదంతా దగ్గర నుంచి చూశాడు. ఐక్యరాజ్యసమితి ముసాయిదా రాకముందే, 1943 నవంబరులో, ఒక అంతర్జాతీయ సంస్థ కావాలని సెనేట్ చేత 85–5తో తీర్మానం చేయించారు. 1945లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు సభకు శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిన బృందంలో డెమోక్రాట్ టామ్ కానల్లీ, రిపబ్లికన్ ఆర్థర్ వాండెన్‌బర్గ్ ఇద్దరు సెనేటర్లూ ఉన్నారు. భద్రతా మండలి వీటో అన్యాయమని చిన్న దేశాలు పట్టుబడితే, కానల్లీ అందరి ముందూ ముసాయిదా కాగితాలు చింపి చూపించాడు: వీటో లేకపోతే ఛార్టరే (సమితి మూల ఒప్పందమే) లేదు. మొరటు పనే. కానీ తమ సెనేట్‌లో ఏది గట్టెక్కుతుందో ఏది గట్టెక్కదో తెలిసినవాడు అక్కడ ఉండటం వల్లే జులై 28న ఛార్టర్ 89–2తో నెగ్గింది. దానికి కట్టిన మూల్యం ఆ వీటోయే, ప్రపంచం ఇప్పటికీ కడుతోంది.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తరచూ మర్చిపోయే సంగతి మరొకటి ఉంది. అమెరికాలో ఒప్పందానికి ఒకే దారి లేదు. 1993లో కెనడా, మెక్సికోలతో వాణిజ్య ఒప్పందం నాఫ్టాకు సెనేట్‌లో 61–38 వచ్చింది. 2012లో దివ్యాంగుల హక్కుల ఒప్పందానికీ సరిగ్గా 61–38 వచ్చింది. మొదటిది నెగ్గింది, రెండోది ఓడింది. నాఫ్టాను మామూలు బిల్లుగా రెండు సభల్లో పెట్టారు, సాధారణ మెజారిటీ చాలు. రెండోదాన్ని రాజ్యాంగం చెప్పే 'ట్రీటీ'గా పెట్టారు, ఐదు ఓట్లు తగ్గాయి. మాజీ సెనేటర్ బాబ్ డోల్ చక్రాల కుర్చీలో సభలోకే వచ్చి కూర్చున్నా ఆ ఐదు ఓట్లు దొరకలేదు.

మూడో దారి అధ్యక్షుడు ఒక్కడి సంతకం. సులువైనది, అంతే సులువుగా పోయేది. అభివృద్ధి చెందుతున్న దేశాలకు కట్టుబాట్లు లేని వాతావరణ ఒప్పందం వద్దని సెనేట్ 1997 జులైలో 95–0తో చెప్పేసింది. డిసెంబరులో క్యోటోలో సరిగ్గా అలాంటిదే కుదిరింది. దాన్ని సెనేట్‌కు పంపే సాహసం ఎవరూ చేయలేదు. 2015లో ప్యారిస్‌లో ఆ జాగ్రత్త ఒక్క క్రియాపదం దాకా వెళ్లింది. ధనిక దేశాలు ఉద్గారాల తగ్గింపు లక్ష్యాలు 'పెట్టుకొని తీరాలి' అన్న అర్థంలో వచ్చిన మాటను చివరి గంటల్లో 'పెట్టుకోవడం మంచిది' అన్న మెత్తని మాటగా మార్చారు. మొదటి మాటే ఉంటే విషయం సెనేట్‌కు వెళ్లాల్సి వచ్చేది. ఒప్పందం బతికింది, కానీ ఒక అధ్యక్షుడు 2020లో బయటికి తెచ్చాడు, ఇంకొకడు 2021 ఫిబ్రవరికి మళ్లీ చేర్చాడు, 2025 జనవరిలో మళ్లీ నిష్క్రమణ ఉత్తర్వు. అమల్లోకి వచ్చిన మూడేళ్ల దాకా నోటీసు ఇవ్వకూడదు, ఇచ్చాక ఏడాది ఆగాలి అని 28వ అధికరణంలో ఉండబట్టే మొదటిసారి అది అమల్లోకి వచ్చిన నాలుగేళ్లకు గానీ బయటపడలేకపోయారు. చేరే సంబరంలో ఎవరూ చదవని అధికరణం అది. ఏ ఒప్పందం వార్త వచ్చినా ముందు నిష్క్రమణ షరతు, ఆ తర్వాత ఏ దారిలో ఆమోదించారు, డబ్బు కాంగ్రెస్ కేటాయించాలా అని చూడండి. సంతకాల ఫొటో ఆఖర్న చూసినా నష్టం లేదు.

మనకు దగ్గరి ఉదాహరణ భారత్‌తో పౌర అణు ఒప్పందం. అధ్యక్షుడు బుష్ దాన్ని తన సంతకంతో సరిపెట్టలేదు, సరిపెట్టడానికి చట్టం ఒప్పుకోదు కూడా. 2006లో దానికి దారి తెరిచిన హైడ్ చట్టం, 2008లో 123 ఒప్పందానికి (అమెరికా అణు చట్టం 123వ సెక్షన్ కింద కుదిరే ఒప్పందం) ఆమోదం: ప్రతినిధుల సభలో 298–117, సెనేట్‌లో 86–13. రెండు పార్టీల ఓట్లూ పడ్డాయి కాబట్టి తర్వాత ఎవరు గెలిచినా దాని జోలికి పోలేదు. అయినా దాని కింద శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున తలపెట్టిన అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ ఆరు రియాక్టర్లు ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయాయి. ఆ కంపెనీ 2017లో దివాలా రక్షణ కోరడం ఒక కారణం. రెండోది మన ఇంటిదే: ప్రమాదం జరిగితే యంత్రాలు అమ్మిన కంపెనీ మీదకూ వెళ్లే వీలు కల్పిస్తూ 2010లో మన పార్లమెంటు చేసిన, 2025లో కొత్త చట్టం తెచ్చి పక్కన పెట్టిన చట్టంలోని 17(బి) సెక్షన్. భోపాల్ చూసిన దేశం అలాంటి సెక్షన్ పెట్టకుండా ఉండదని వాషింగ్టన్‌లో ఎవరూ ముందుగా లెక్క వేసుకున్నట్టు లేరు.