ఇటలీ వైన్: సీసా మీద ఉన్నది ఊరి పేరా, ద్రాక్ష పేరా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాను. ఇటలీలో 20 ప్రాంతాలు, వందల ద్రాక్ష రకాలు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– విద్యార్థి, మెహిదీపట్నం

జవాబు: పటం ముందు పెట్టుకుని 20 ప్రాంతాలూ బట్టీ పట్టకండి, పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతారు. ముందు నాలుగు ఎర్ర ద్రాక్షలు పట్టుకోండి: టస్కనీలో సాంజోవేసే, పియెమోంతేలో నెబ్బియోలో, బార్బెరా, అబ్రుత్సోలో మోంతెపుల్చానో. తెల్లవాటిలో వెనెతో ప్రాంతపు గార్గనేగా (సోవావే వైన్ దీనితోనే చేస్తారు), మార్కే ప్రాంతపు వెర్దిక్కియో ఇప్పటికి చాలు. కంపానియా అల్యానికో, సిసిలీ నీరో దావోలా, పూల్యా ప్రిమితీవో రెండో విడతకి ఉంచుకోండి.

చదివింది నాలుకకి ఎక్కాలంటే పక్కపక్కన పెట్టి రుచి చూడాల్సిందే (తెలంగాణలో 21 ఏళ్లు నిండాలి, గుర్తుంచుకోండి). పన్నెండు మంది కలిస్తే రకానికి ఒక్క సీసా సరిపోతుంది: 750 మి.లీ.లో మనిషికి 60 మి.లీ. చొప్పున. గ్లాసులన్నీ ఒకే రకం ఉండాలి. ముందు బార్బెరా, తర్వాత కియాంటీ క్లాసికో (సాంజోవేసేతో చేసే టస్కనీ వైన్), మోంతెపుల్చానో, చివరన నెబ్బియోలో. ఈ వరస తిరగేస్తే నెబ్బియోలో వగరు నోట్లో ఉండిపోయి మిగతావన్నీ చప్పగా అనిపిస్తాయి. బార్బెరాలో పులుపు ఎక్కువ, వగరు తక్కువ. సాంజోవేసేలో రెండూ కనిపిస్తాయి. మోంతెపుల్చానో రంగు చిక్కగా, రుచి మెత్తగా ఉంటుంది. ఉమ్మడానికి ఒక గిన్నె పెట్టుకోండి, సిగ్గుపడేదేం లేదు. మింగుతూ పోతే నాలుగో రకానికి వచ్చేసరికి రాసుకున్న నోట్సు పనికిరాదు. నెబ్బియోలోకి ఆ ద్రాక్షతోనే చేసే ఖరీదైన బరోలో కొనక్కర్లేదు, ‘లాంగే నెబ్బియోలో’ అడగండి, ధర బాగా తక్కువ. మహారాష్ట్రలో అక్లూజ్ దగ్గర పండించే సాంజోవేసే కూడా ఉంది. దిగుమతి సుంకం బెడద లేదు కాబట్టి కియాంటీ పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

ప్రశ్న: ‘మోంతెపుల్చానో ద్’అబ్రుత్సో’, ‘వీనో నోబిలే ది మోంతెపుల్చానో’ రెండూ కొన్నాం. ధరలో చాలా తేడా ఉంది. ద్రాక్ష ఒకటే కదా?
– పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: కాదండీ. మొదటిదానిలో మోంతెపుల్చానో ద్రాక్ష పేరు. అబ్రుత్సోలో పండుతుంది, సీసాలో కనీసం 85 శాతం అదే ఉండాలి. రెండోదానిలో అది టస్కనీలోని ఓ కొండ ఊరు. అక్కడి వైన్‌లో కనీసం 70 శాతం సాంజోవేసే. ఇటలీ లేబుళ్లతో తికమక అంతా ఇక్కడే. బరోలో, బార్బరెస్కో, కియాంటీ, సోవావే అన్నీ చోట్ల పేర్లే, ద్రాక్ష ఏదో లేబుల్ చెప్పదు, మనకే తెలిసుండాలి. ‘బార్బెరా ద్’ఆస్తీ’ లాంటివాటిలో ముందు ద్రాక్ష, తర్వాత ఊరు.

సీసా మెడ మీద నంబరు వేసిన సన్నటి కాగితపు పట్టీ, లేబుల్ మీద డీఓసీజీ (‘నియంత్రిత, హామీ ఉన్న మూలస్థానం’ అనే ఇటాలియన్ మాటల పొట్టి రూపం) అనే అక్షరాలు ఉంటే అది పై తరగతి. ద్రాక్ష రకం, ఎకరా దిగుబడి, ఎంతకాలం నిల్వ ఉంచాలన్న నిబంధనలు పాటించారని దాని అర్థం. రుచికి హామీ మాత్రం కాదు. ఈ చట్టం పునాది 1963లో పడింది, డీఓసీజీ హోదా మొదటిసారి 1980లో ఇచ్చారు.

ప్రశ్న: బంధువులు తెచ్చిన బరోలో తెరిస్తే రంగు పలచగా, ఇటుక ఛాయలో ఉంది. నోరంతా వగరు. నకిలీదా, పాడైందా?
– పాఠకుడు, మణికొండ

జవాబు: ఆ లక్షణాలు చూస్తే రెండూ కాకపోవచ్చు. నెబ్బియోలో ద్రాక్ష తీరే అంత. తొక్కలో రంగు తక్కువ, ఉన్నదీ త్వరగా వెలిసిపోతుంది. వగరునిచ్చే టానిన్లు మాత్రం దండిగా ఉంటాయి. అవి లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేస్తాయి కాబట్టే లేత మామిడి పిందె కొరికినట్టు నోరు ఎండిపోతుంది. పైగా బరోలోను 38 నెలలు నిల్వ చేయందే అమ్మకూడదు, అందులో 18 నెలలు చెక్క పీపాలో.

గ్లాసును తెల్ల కాగితం మీదికి వంచి చూడండి. నడుమ దానిమ్మ రంగు, అంచున ఇటుక రంగు ఉంటే సహజమే. వెడల్పాటి జగ్గులోకి వంపి రెండు గంటలు వదిలేయండి, కొవ్వున్న మాంసంతో తీసుకోండి, వగరు లొంగుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మటుకు బిరడా చెడిపోయిందని. దానికి మందు లేదు, పారబోయడమే.

ప్రశ్న: ఎర్ర వైన్ గది వేడిమిలోనే ఇవ్వాలంటారు. ఫ్రిజ్‌లో పెట్టడం తప్పా?
– పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఆ మాట యూరప్ గదుల గురించి, అంటే 16–18 డిగ్రీలు. మే నెలలో మన గది 35 దాటుతుంది. ఆ వేడిలో ఆల్కహాల్ ఘాటు ముక్కుకి కొట్టి పండు వాసన చచ్చిపోతుంది. బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు పోసి సీసాను పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ముంచండి. మరీ చల్లబరిస్తే వగరు పెరుగుతుంది. తెల్లవి 8–12 డిగ్రీల్లో బాగుంటాయి.

అసలు నష్టం నిల్వలో. కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నం ఉంటే చాలు, లోపలి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది. కొనేటప్పుడు మూత కింద వేలు పెట్టి చూడండి. జిగటగా ఉన్నా, బిరడా ఉబ్బి పైకి లేచినా వద్దనండి. వైన్ ఫ్రిజ్ లేనివాళ్లు వేసవిలో మామూలు ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టడమే నయం.

ప్రశ్న: బిర్యానీకి, గోంగూర మటన్‌కి ఏ ఇటలీ వైన్?
– పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: కారానికి టానిన్లు, ఆల్కహాల్ తోడైతే మంట రెట్టింపు. బిర్యానీ, మిర్చీ కా సాలన్ పక్కన బరోలో, అమరోనే (ఎండబెట్టిన ద్రాక్షతో చేసే వెనెతో ఎర్ర వైన్) తెరవడం డబ్బు దండగ. అమరోనేలో ఆల్కహాల్ 14 శాతానికి తగ్గదు. కాస్త తీపి ఉన్న లంబ్రుస్కో (నురగలొచ్చే ఎర్ర వైన్) బాగా చల్లబరిచి ఇవ్వండి, లేదా ఆల్కహాల్ 5 శాతం దగ్గర ఉండే తియ్యటి తెల్ల వైన్ మోస్కాతో ద్’ఆస్తీ. గోంగూర పులుపు ముందు పులుపు తక్కువున్న వైన్ నీళ్లలా తేలిపోతుంది, అక్కడ బార్బెరా నిలబడుతుంది. హలీంలో కారం తక్కువ, నెయ్యి ఎక్కువ కాబట్టి దానికి కియాంటీ క్లాసికో కూడా నప్పుతుంది.