బ్రేక్ వేస్తేనే స్టీరింగ్ ఎందుకు వణుకుతుంది?

బ్రేక్ వేసినప్పుడు మాత్రమే స్టీరింగ్ వణుకుతుంటే, చాలావరకు కారణం ముందు చక్రాల డిస్క్ (చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం) మందం అంతటా ఒకేలా లేకపోవడమే. మందంగా ఉన్నచోట, డిస్క్‌ను రెండుపక్కలా నొక్కిపట్టే ప్యాడ్లు గట్టిగా, పలచగా ఉన్నచోట వదులుగా పడతాయి. ఆ కుదుపే చేతికి తెలుస్తుంది. కంటికి కనపడని 0.02 మిల్లీమీటర్ల తేడాకే వణుకు మొదలవ్వచ్చు. ఉదాహరణకు, కొత్త డిస్క్ వేసేటప్పుడు హబ్ (డిస్క్, చక్రం బిగించే భాగం) మీద తుప్పు గీకకపోతే డిస్క్ కాస్త ఊగుతూ తిరిగి, కొన్ని వేల కిలోమీటర్లకు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరుగుతుంది.

డిస్క్ వేడికి వంగిపోయిందని చాలామంది అంటారు గానీ, అది అరుదు. ప్యాడ్లు మారిస్తే చాలనుకోవడమూ పొరపాటే. హబ్ శుభ్రం చేసి డిస్క్‌ను లేత్ మిషన్ మీద సమంగా చెక్కించాలి. దానిమీద రాసిన కనీస మందం కన్నా తగ్గితే ముందు రెండు చక్రాల డిస్కులూ మార్చాల్సిందే. బ్రేక్ వేయకపోయినా వణికితే మాత్రం ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి.