ప్రాజెక్టు మేనేజరుకు ఏ సంతకం ఉందో ముందు అడగండి

ప్రాజెక్టులు నడపడానికి కంపెనీలో విభాగాల వారీ పద్ధతి మేలా, మ్యాట్రిక్స్ (ఒకే ఉద్యోగికి విభాగాధిపతి, ప్రాజెక్టు మేనేజరు ఇద్దరూ పైఅధికారులుగా ఉండే పద్ధతి) మేలా, లేక ప్రాజెక్టుకు ప్రత్యేక బృందాన్ని కేటాయించడం మేలా అని మీరు అడిగారు. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం పారిశ్రామికవాడలో ఒక మందుల కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఏ పేరు పెట్టుకున్నా, ప్రాజెక్టు మేనేజరుకు రెండు అధికారాలు లేకపోతే పని కదలదు. తన దగ్గర పనిచేసేవారి అప్రైజల్‌లో అతని మాట చెల్లాలి. చిన్న కొనుగోళ్లకు ఎవరినీ అడగకుండా అతను సంతకం చేయగలగాలి.

మా కర్మాగారంలో సాల్వెంట్ రికవరీ కోసం, అంటే వాడిన ద్రావకాలను శుద్ధి చేసి మళ్లీ వాడుకోవడానికి, కొత్త బ్లాకు కట్టినప్పుడు కాగితం మీద ఉన్నది మ్యాట్రిక్స్. నా సెలవు, ఇంక్రిమెంటు, ప్రమోషన్ మా విభాగాధిపతి చేతిలో ఉండేవి. రోజువారీ పని మాత్రం ప్రాజెక్టు మేనేజరు చెప్పేవారు. కంట్రోల్ సిస్టమ్ సరఫరా చేసిన సంస్థ ఇంజనీరు పుణె నుంచి, పరికరాలు కంట్రోల్ సిస్టమ్‌తో సరిగా కలిశాయో లేదో పరీక్షించే లూప్ చెకింగ్‌కు వచ్చిన రోజునే పాత ప్లాంటులో చిల్లర్ (చల్లబరిచే యంత్రం) ఆగిపోయింది. “ఈ పూట మీరు ఇక్కడి నుంచి కదలకూడదండి” అని ప్రాజెక్టు మేనేజరు అన్నారు. పది నిమిషాలు గడవకముందే మా విభాగాధిపతి ఫోన్ చేసి, “బాబూ, అదంతా తర్వాత, ముందు చిల్లర్ సంగతి చూడు” అన్నారు. నేను చిల్లర్ దగ్గరికే వెళ్లాను. ఏడాది చివర నా గురించి రాసే కలం ఎవరి చేతిలో ఉందో తెలిసిన ఏ ఉద్యోగి అయినా అదే చేస్తాడు. అందులో విధేయత ప్రశ్న గానీ క్రమశిక్షణ ప్రశ్న గానీ లేదు. పుణె ఇంజనీరు గెస్ట్‌హౌస్‌లో ఖాళీగా కూర్చున్నందుకు రోజువారీ రుసుము ప్రాజెక్టు ఖర్చులోనే పడింది.

అదే వారంలో ఫ్లేమ్‌ప్రూఫ్ కేబుల్ గ్లాండ్లు (లోపలి మంట బయటికి రాకుండా కేబుల్‌ను పరికరానికి బిగించే భాగాలు) స్టోర్స్‌లో అయిపోయాయి. తేలిగ్గా అంటుకునే సాల్వెంట్ ఆవిర్లు ఉండే చోట మామూలు గ్లాండ్లు వాడకూడదు. విశాఖపట్నం వెళ్లి సాయంత్రానికి తెచ్చుకోగల సరుకది. అయినా ఇండెంటు (సరుకు కొనమని కోరే కాగితం) పర్చేజ్ విభాగానికి వెళ్లి, మిగతా విభాగాల అవసరాలన్నీ పోగయ్యేదాకా అక్కడే ఆగింది. టెక్కలి, పలాస వైపు నుంచి వచ్చిన వైర్‌మెన్‌లు పైప్ ర్యాక్ కింద పని లేకుండా కూర్చున్నారు. వాళ్ల మేస్త్రి నా దగ్గరికి వచ్చి, “ఈయాల కూలి ఎవులిస్తారు బాబూ?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు కంపెనీలో ఎవరి దగ్గరా సమాధానం లేదు. సంస్థ నిర్మాణం గురించి మాట్లాడే కన్సల్టెంట్లు తమ స్లైడ్లలో ఎవరు ఎవరికి జవాబుదారో చూపే చుక్కల గీతలు, నిండు గీతలు ఎంతో అందంగా గీస్తారు గానీ, ఆ గీతల మధ్య ఆగిపోయిన ఇండెంటు వల్ల కూలి పోయేది ఎవరికో ఒక్కరూ చూపించగా నేను చూడలేదు. వారంవారం జరిగే సమీక్షా సమావేశాల్లోనూ అంతే. ఆలస్యాన్ని నమోదు చేస్తారు, దాన్ని తొలగించే అధికారం ఆ గదిలో ఎవరికీ ఇవ్వరు.

చివరికి ప్లాంట్ హెడ్ మా విభాగాధిపతినీ ప్రాజెక్టు మేనేజరునూ కూర్చోబెట్టి ఒక ఉత్తర్వు ఇచ్చారు. కమిషనింగ్ (కొత్త బ్లాకును నడిపి చూసి ఉత్పత్తికి సిద్ధం చేయడం) ముగిసేదాకా పేర్లతో సహా కొందరం పూర్తిగా ప్రాజెక్టుకే చెందుతామని, మా అప్రైజల్‌లో సగం ప్రాజెక్టు మేనేజరే రాస్తారని, ఒక పరిమితి వరకు సరుకు ఆయన నేరుగా కొనవచ్చని అందులో ఉంది. మనుషులు మారలేదు, సంస్థ పటం కూడా మారలేదు. అయినా గ్లాండ్లు మర్నాడే వచ్చాయి, లూప్ చెకింగ్ మళ్లీ ఆగలేదు.

ఫ్రాన్సుకు చెందిన గనుల ఇంజనీరు హెన్రీ ఫయోల్, ఉద్యోగికి ఒకే అధికారి నుంచి ఆదేశాలు అందాలని 1916లోనే రాశాడు. 1960లలో అమెరికా విమాన, అంతరిక్ష పరిశ్రమల్లో వేళ్లూనుకున్న మ్యాట్రిక్స్ ఆ సూత్రాన్ని తెలిసే పక్కన పెట్టింది, ఎందుకంటే ప్రతి ప్రాజెక్టుకూ విడిగా నిపుణులను పోషించడం అంత పెద్ద సంస్థలకు కూడా భారమైంది. మన దగ్గర చాలా కంపెనీలు ఆ పొదుపును మాత్రం తెచ్చుకున్నాయి. దానితో పాటు ప్రాజెక్టు మేనేజరుకు ఇవ్వవలసిన అధికారాన్ని తెచ్చుకోలేదు.

పూర్తిగా విడి సంస్థ పెట్టే స్తోమత ఉంటే ఫలితం వేరుగా ఉంటుంది. కొంకణ్ రైలు మార్గానికి రైల్వే విభాగాల మామూలు వరుసకు బయట 1990లో ఒక కార్పొరేషన్ ఏర్పాటు చేసి శ్రీధరన్‌కు అప్పగించారు. కొండలు, నదులు దాటే సుమారు 740 కిలోమీటర్ల మార్గం 1998 నాటికి పూర్తయింది. అందులో సగం ఘనత ఆ ఏర్పాటుదేనని నా గట్టి నమ్మకం. మన విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయానికి కూడా జీఎంఆర్ విడిగా ఒక కంపెనీనే పెట్టింది. ఒక బ్లాకు విస్తరణకు ఎవరూ కంపెనీ పెట్టరు కాబట్టి, మా వంటి కర్మాగారాలు మ్యాట్రిక్స్‌నే సరిచేసుకోవాలి.

ఒక్క అధికారం మాత్రం ప్రాజెక్టు మేనేజరుకు ఎన్నడూ ఇవ్వకూడదు. వెల్డింగ్ వంటి నిప్పు పనులకు ఇచ్చే హాట్ వర్క్ పర్మిట్‌పై సంతకం ఉత్పత్తి, భద్రతా విభాగాల దగ్గరే ఉండాలి. పక్కన సాల్వెంటుతో బ్యాచ్ నడుస్తున్నప్పుడు గడువు తరుముతున్న మనిషి చేతిలో ఆ కాగితం ఉండటం ప్రాణాంతకం. అక్కడ జరిగే ఆలస్యాన్ని నేను ఆలస్యంగా లెక్కించను.

మీరు చేరబోయే కంపెనీలో మిమ్మల్ని ప్రాజెక్టుకు పంపుతామంటే, తిరిగి ఏ విభాగానికి, ఏ హోదాలో వస్తారో ఉత్తర్వులోనే రాయించుకోండి. మా ప్రాజెక్టు ముగిశాక నాతో పాటు వెళ్లిన ఒక సహోద్యోగి స్థానంలో అప్పటికే వేరొకరిని తీసుకున్నారు. కొత్త బ్లాకును నిలబెట్టిన ఆ మనిషి కొన్ని నెలలు ఏ విభాగానికీ చెందకుండా తిరిగి, చివరికి హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు.