మొదటి కౌన్సెలింగ్‌కి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

సూర్యారావుపేటలో మానసిక కౌన్సెలర్ దగ్గర బుధవారానికి అపాయింట్‌మెంట్ దొరికిందని మీ అమ్మ చెప్పింది. మంచి పని చేశావు.

పావుగంట ముందే వెళ్లు. అంగీకార పత్రం ఇస్తారు, చదివే సంతకం పెట్టు. నువ్వు చెప్పినవి బయటికి పొక్కకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లకి చెప్తారు. ఏ పరిస్థితిలో ఎవరికి చెప్తారో మొదట్లోనే అడిగెయ్.

ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. మొదటిరోజు చాలావరకు ప్రశ్నలే. ఎప్పట్నుంచి ఇలా ఉంది, ఆకలెలా ఉంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడుగుతారు. "నిద్ర పట్టట్లేదు" అని ఊరుకోకు. పడుకున్నాక రెండింటిదాకా దొర్లుతున్నావా, పట్టిన నిద్ర నాలుగింటికే తెగిపోతోందా, వారంలో ఎన్ని రాత్రులు అలా అవుతోంది? వాళ్లకి కావలసింది ఆ వివరమే. వాడే మందులన్నీ చీటీ మీద రాసుకెళ్లు, హోమియో, ఆయుర్వేదం కూడా. థైరాయిడ్ రిపోర్టు ఉంటే పట్టుకెళ్లు. థైరాయిడ్ హార్మోను తక్కువైనా నీరసం, దిగులు వస్తాయి.

"చచ్చిపోవాలనిపించిందా?" అని సూటిగా అడుగుతారు. ఉలిక్కిపడకు, దాదాపు అందర్నీ అడుగుతారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉంటే ఉందని చెప్పు తల్లీ, అది దాస్తే వాళ్ల అంచనా మొత్తం తప్పుతుంది. ఈలోపే అలాంటి ఆలోచన తరుముకొస్తే బుధవారందాకా ఆగకు. మీ అమ్మని లేపు, 14416కి ఫోన్ చెయ్. అది టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక సాయం ఫోను లైను, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మీ అమ్మ కూడా లోపలికొస్తానంటుంది. బయట కూర్చోమను, కావాలంటే చివర్లో పిలువు. నీకు పద్దెనిమిది నిండాయి, ఆ నిర్ణయం నీదే. తను పక్కనుంటే సగం మాటలు నీ గొంతు దాటవు.

బోర్డు మీద కౌన్సెలర్ అని ఉంటే సరిపోదు. క్లినికల్ సైకాలజిస్టునంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు అడుగు, తప్పేం కాదు. వాళ్లు మందులు రాయరు. మందులు రాసే మానసిక వైద్యుడు, అంటే సైకియాట్రిస్టు దగ్గరికి పంపారంటే ముదిరిపోయిందని కాదు.

లేచేముందు సమస్య ఏమనుకుంటున్నారో, ఏ పద్ధతిలో చేస్తారో, ఎన్ని వారాలు పడుతుందో, రాలేకపోతే ఫీజు సంగతేంటో అడుగు. మొదటిరోజే తేలికపడాలని లేదు, కొందరికి ఇంకా బరువుగా ఉంటుంది. మూడు నాలుగుసార్లు వెళ్లి చూడు. కానీ నీతులు చెప్పినా, "పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అన్నా మళ్లీ ఆ మెట్లెక్కకు, ఇంకొకర్ని చూద్దాం.

ఆ సాయంత్రం పేరంటాలకీ చుట్టాలిళ్లకీ ఒప్పుకోకు.

మీ పెద్దమ్మ